పై అంతస్తు సంచి

ముట్టుకోవద్దంది, ముట్టుకోలేదు. పొద్దున మా ఆవిడ ఎక్కడ పెట్టి వెళ్ళిందో సీసా అక్కడే ఉంది, భోజనాల బల్లకి నట్టనడుమ, నీళ్ళ జగ్గుకీ ఉప్పు డబ్బాకీ మధ్య, మాతోపాటు తినడానికి వచ్చిన చుట్టంలాగా. నా పని సంచిలో టిఫిన్ డబ్బా పెడుతుంటే పక్క జేబులో చేతికి తగిలిందట. అరవలేదు. అరిస్తే బాగుండేది. మామూలు రోజుల్లో నన్ను నువ్వంటుంది, కోపం వస్తే మీరంటుంది, ఆ పైన ఇంకో మెట్టుంది, తమరు, అది పెళ్ళయ్యాక ఎప్పుడో ఒకటి రెండుసార్లు విన్నాను. పొద్దున మీరు దగ్గర ఆగింది. "సాయంత్రం నేను ఆసుపత్రినుంచి వచ్చేదాకా ఇది ఇక్కడే ఉండాలి. ముట్టుకోవద్దు. వచ్చాక మీరు నాకు నిజం చెప్పాలి. అబద్ధం చెప్పారంటే నేనూ అమ్మాయీ మా తమ్ముడింటికి పోతాం, ఈసారి వెనక్కి రాం" అని, అదే గొంతుతో పాలు ఫ్రిజ్‌లో పెట్టమని కూడా చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. ఆసుపత్రిలో రిసెప్షన్‌లో కూర్చుంటుంది, రోజూ వందమంది చెప్పే కుంటిసాకులు వినే ఉద్యోగం, ఆవిడ ముందు అబద్ధం ఆడటం ఎంత కష్టమో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. అసలు చిక్కు అది కాదు. సీసా అడుగున కొంచెం ఉంది. రెండు చెంచాలుంటుంది. ఉత్త ఖాళీ సీసా అయితే దాని మొహాన ఉమ్మి పక్కగదిలో పడుకునేవాణ్ణి. పారబోద్దామంటే, ఆవిడ పొద్దున చూసే వెళ్ళింది, ఖాళీగా కనబడితే పారబోశానంటే నమ్ముతుందా, నేనైనా నమ్ముతానా? ఉంచుదామంటే దానితో ఒక్కణ్ణీ కూర్చోవాలి. నేను తాగలేదని రుజువు చెయ్యగలిగేది ఆ రెండు చెంచాలే, నన్ను ముంచగలిగేవీ అవే, కాబట్టి దానికి కాపలా కాస్తున్నాను.

ఇవాళ పనినుంచి పెందలాడే వచ్చేసి, ముందు దానికి వీపు పెట్టి కూర్చున్నాను. కిటికీవైపు తిరిగి, ఎదుటి మేడ మీద ఎవరో దుప్పటి దులుపుతుంటే చూస్తూ, ఇలా కూర్చుంటే సరిపోతుంది, ఒక గంట ఎంతలో పోతుంది అనుకున్నాను. వీపు వెనక ఉన్నది ఎదుట ఉన్నదానికంటే ఎక్కువ కనబడుతుందని నాకెవరూ చెప్పలేదు. కుర్చీ తిప్పుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. ఎదురుగా ఉంటే కనీసం అది కదలడం లేదని తెలుస్తుంది, నేనూ కదలడం లేదని తెలుస్తుంది. ఇంతలో అమ్మాయి బడినుంచి వచ్చింది. పదో తరగతి, పరీక్షలు దగ్గరికొచ్చాయి. గుమ్మంలో ఆగి సీసాని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ సీసాని చూసింది. అడుగుతుందేమోనని భయం, అడగకపోతే ఇంకా భయం. "అదేంటి నాన్నా?" అంది. "ఏం లేదమ్మా" అన్నాను. ఏం లేదట. బల్ల నడిమధ్య సీసా పెట్టుకుని ఏం లేదనే తండ్రిని ఆ పిల్ల ఇదివరకు చూడకపోతే కదా, చిన్నప్పుడు ఎన్నిసార్లు విందో ఈ ఏం లేదమ్మా. ఇవాళ మాత్రం నిజంగానే ఏం లేదు, కానీ అదే మాట, అదే గొంతు, నాకే వినబడింది. వంటింట్లోకి వెళ్ళి చేతులు తుడుచుకునే తువ్వాలు తెచ్చి దాని మీద కప్పింది. "ఎవరైనా వస్తే బాగోదు" అంది, అచ్చం వాళ్ళమ్మ గొంతుతో, జామెట్రీ బాక్సు తీసుకుని పైకి వెళ్ళిపోయింది, లెక్కల టీచరుగారి దగ్గరికి ట్యూషన్‌కి. తువ్వాలు కప్పాక సంగతి ఇంకా అన్యాయంగా తయారైంది. నీలం గళ్ళ కింద దాని మెడ, భుజాలు, అన్నీ తెలుస్తున్నాయి, ఇందాకటిదాకా ఒట్టి సీసా, ఇప్పుడు దాచిపెట్టిన సీసా. తీసేద్దామా అంటే పిల్ల కప్పింది కదా అనిపించి ఊరుకున్నాను.

ఇదంతా డ్రైవర్ బాబాయ్ వల్ల వచ్చింది. అలా అనకూడదు, డ్రైవర్ బాబాయ్ వల్లే నేనివాళ ఈ కుర్చీలో స్పృహతో కూర్చుని ఉన్నాను, కానీ వచ్చిందైతే ఆయన వల్లే. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి, తాగుడు మానుకున్నవాళ్ళం వారానికోసారి కలిసే హాల్లో అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేస్తాడు. కొత్తగా చేరినవాళ్ళకి ఆయన ఉపన్యాసాలివ్వడు, ఒకటే పని అప్పజెబుతాడు. "రోజూ ఎవరికో ఒకరికి చిన్న మంచి పని చెయ్యి. చేసింది నువ్వేనని ఎవ్వరికీ తెలియకూడదు. తెలిసిందో, అది లెక్కలోకి రాదు, ఆ పూటే ఇంకోటి చూసుకోవాలి." ఎందుకు బాబాయ్ అలా అంటే, "దాచడంలో మనకి చెయ్యి తిరిగింది కదరా, అంత తెలివి ఊరికే పోనివ్వడం దేనికి" అని నవ్వాడు. నాకా మాట తెగ నచ్చింది. మొదట్లో చేతకాలేదు. కింది ఇంటాయన సైకిలు చక్రంలో గాలి దిగి ఉంటే పొద్దున్నే పంపు తెచ్చి గాలి కొట్టాను, ఆయనొచ్చి తన టైరు ఎవరో మార్చేశారని వాచ్‌మన్‌తో గొడవ పెట్టుకున్నాడు. వాన మొదలైతే పైన ఆరేసిన ఎవరివో బట్టలు తీసి, మడతపెట్టి, తడవకుండా మెట్ల మలుపులో పెట్టాను, బట్టలు పోయాయని ప్రతి అంతస్తూ వెతికారు, దొరికాక దొంగ భయపడి వదిలేసి పోయాడని తేల్చారు. నేను ఫోటోలకి ఫ్రేములు కట్టే షాపులో పని చేస్తాను, అక్కడ పక్క బల్లతను తిండికి లేచినప్పుడు అతని కళ్ళజోడు తుడిచి పెడితే, నా అద్దాల జోలికెవడొచ్చాడని సాయంత్రందాకా సణిగాడు. చాటుగా చేసే మంచి పనీ దొంగతనమూ దూరంనుంచి ఒక్కలాగే ఉంటాయి. దగ్గర్నుంచి చూస్తే తేడా తెలుస్తుందని మొన్నటిదాకా అనుకునేవాణ్ణి, ఇవాళ ఆ సంగతి గట్టిగా చెప్పలేను.

టీచరుగారి సంచి నాకు అలాంటి ఒకరోజే దొరికింది. నీళ్ళ ట్యాంకు మూత గాలికి పక్కకి పోయిందని, సరిచేస్తే ఆ రోజు పని అయిపోతుందని పైకి వెళ్తున్నాను. ఆవిడ గుమ్మం పక్క, చెప్పుల స్టాండు వెనక ఉన్న గుడ్డసంచి కాలికి తగిలింది. ఆ చప్పుడు! సీసాకీ సీసాకీ మధ్య పాతగుడ్డలు కుక్కితే వచ్చే చప్పుడు, మోగకూడదని ఎంత అవస్థ పడ్డారో మొత్తం చెప్పేసే చప్పుడు. ఇంకెవరైనా అయితే నూనె సీసాలనుకుని దాటిపోయేవాళ్ళు. నేను అక్కడే నిలబడిపోయాను. ఈ భవనంలో సగంమంది పిల్లల్ని గట్టెక్కించిన మనిషి, తెల్లజుట్టు ముడి, నుదుటి మీదికి తోసిన కళ్ళజోడు, తప్పు లెక్క చేసినవాణ్ణి తిట్టకుండా ఇంకోసారి చూడు నాన్నా అనే మనిషి. ఒక్కతే ఉంటుంది, మోకాళ్ళు అరిగిపోయి మెట్లు దిగలేదు. తెచ్చిచ్చేవాళ్ళు ఎవరో ఉన్నారు కానీ ఖాళీలు తీసుకుపోయేవాళ్ళు లేరు, ఆ రెండో పనికి మనిషిని పెట్టుకోవాలంటే నోరు విప్పాలి. సంచి కిందికి తెచ్చి వీధి చివర చెత్తడబ్బాలో సీసాలు పడేసి, సంచి మడిచి మళ్ళీ స్టాండు వెనకే పెట్టాను. సాయంత్రానికి లోపలికి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి మళ్ళీ బయటికొచ్చింది. అలా నడిచింది, ఒక్క మాట లేకుండా. ఒకసారి మాత్రం నేను వంగి ఎత్తుతుంటే తలుపు తెరుచుకుంది. ఆవిడ నన్ను చూసింది, సంచిని చూసింది. "మోకాళ్ళు బాబూ" అంది. "ఎలాగూ కిందికే వెళ్తున్నానండీ" అన్నాను. తలుపు మూసుకుంది. ఈ విషయంలో మేం మాట్లాడుకున్నదింతే. ఆవిడకి తెలిసిపోయింది కదా, మరి లెక్కలోకి వస్తుందా, రాదా? డ్రైవర్ బాబాయ్‌ని అడుగుదామంటే ఆవిడ సంగతి బయటపెట్టాలి. అందుకని ఎందుకైనా మంచిదని ఆ పూట ఇంకో పని చేశాను, ఏమిటో ఇప్పుడు గుర్తు లేదు.

నాకు ఇన్నాళ్ళూ తట్టనిది ఒకటుంది. ఈ మంచి పనుల కోసం నేను పొద్దున్నే చప్పుడు చెయ్యకుండా తలుపు తీసుకుని బయటికి వెళ్తాను. పది నిమిషాల పనికి అరగంట పోతుంది. ఎక్కడికెళ్ళావంటే ఊరికే అలా అంటాను, చేతిలో ఏంటంటే ఏం లేదంటాను. చూసేవాళ్ళకి ఇది ఏమిటి? అచ్చం పాత నేనే. అప్పుడూ ఇంతే, ఇవే మాటలు, ఈ తలుపు గొళ్ళాన్నే వేలితో పట్టి నెమ్మదిగా వదిలేవాణ్ణి. కొన్నాళ్ళుగా మా ఆవిడ నేను లోపలికి రాగానే ముఖం పక్కకి తిప్పుకుని గాలి పీలుస్తోంది, జలుబేమో అనుకున్నాను. ఎంత మొద్దుని. దాచకపోతే లెక్కలోకి రాదు, దాస్తే ఇల్లు కూలిపోతుంది, ఈ చిట్కా చెప్పినాయనకి పెళ్ళాం లేదు, ఎప్పుడో వదిలేసి పోయింది, ఆయనకేం ఎన్నైనా చెబుతాడు. ఛీ, ఆయన్ని అలా అనుకోకూడదు. తువ్వాలు మీద వెలుతురు కొంచెం జరిగింది. అటు చూడకు. నిన్నటి సంగతి ఆలోచించు, ఆవిడ అడిగేది అదే. నిన్న సంచి తెచ్చాను, డబ్బా దగ్గర సీసాలు ఒక్కొక్కటే తీసి వేస్తున్నాను, ఒకదాంట్లో అడుగున కదిలింది. టీచరుగారు ఎప్పుడూ చుక్క మిగల్చదు, నేనూ మిగిల్చేవాణ్ణి కాదు. ఎందుకు మిగిల్చింది? ఒంట్లో బాగోలేదా? లేకపోతే చాలు, ఇంక వద్దు అని అక్కడికక్కడ ఆపేసిందా, ఆపేసి మూత పెట్టి బయటపెట్టిందా? అదే అయితే ఎంత బాగుండు. వాచ్‌మన్ వచ్చాడు, అందుకని గబుక్కున నా సంచి పక్క జేబులో పెట్టాను. వాచ్‌మన్ నిజంగానే వచ్చాడు, ఇందులో అబద్ధం లేదు. కానీ వాచ్‌మన్ వెళ్ళిపోయాక డబ్బా అక్కడే ఉంది, నేనూ అక్కడే ఉన్నాను. సరే, షాపు దగ్గర పడేద్దామనుకున్నాను. షాపు దగ్గరా డబ్బా ఉంది. మర్చిపోయాను. రోజంతా గాజు కోసే మనిషిని, ఏ సంచిలో ఏ ముక్క ఉందో చూసుకోకుండా చెయ్యి పెట్టని మనిషిని, పక్క జేబులో గాజు సీసా ఉందని మర్చిపోయానట. మర్చిపోయానా, మర్చిపోయానని నాకు నేనే చెప్పుకుంటున్నానా, ఎంత గింజుకున్నా తేలడం లేదు.

పైన కుర్చీ జరిగింది. మా పిల్ల లెక్క పైకి చదువుతోంది, మాటలు తెలియడం లేదు, చివర్న ప్రశ్న దగ్గర గొంతు లేవడం మాత్రం తెలుస్తోంది. కర్ర, కాలు, కర్ర, కాలు, టీచరుగారు లేచింది. గోడవారగా నడిచి వంటింట్లోకి వెళ్ళింది, మా ఇంటికీ ఆవిడ ఇంటికీ ఒకటే ప్లాను కాబట్టి కప్పు మీద ఆవిడ ఎక్కడుందో చెప్పగలను. అక్కడ ఆగింది. ఇంకా ఆగే ఉంది. నీళ్ళు తాగుతోంది. నీళ్ళు తాగడానికి ఇంతసేపా? పిల్ల ఉండగా ముట్టుకోదు, ట్యూషన్ అయ్యేదాకా ముట్టుకోదు. నీకెలా తెలుసు? నేనూ షాపు కట్టేసేదాకా ముట్టుకునేవాణ్ణి కాదుగా, మొదట్లో. కర్ర, కాలు, వెనక్కి వచ్చి కూర్చుంది, పిల్ల నవ్వింది. ఏం నవ్వింది? ఆ నవ్వు ఈ ఇంట్లో వినబడి ఎన్నాళ్ళైంది? టీచరుగారి పేరు చెప్పానంటే రేపట్నుంచి పిల్ల పైకి వెళ్ళదు, ఏ తల్లైనా పంపదు, పంపకపోవడం తప్పూ కాదు. పరీక్షల ముందు పిల్లకి దిక్కు పోతుంది, ఒక్క పిల్ల మానేస్తే ఎందుకని మిగతావాళ్ళు అడుగుతారు, మా ఆవిడ పెదవి విప్పదు కానీ ఆవిడ ముఖం దాచలేదు, వారం తిరక్కుండా ఆ వాకిట్లో ఒక్క జత చెప్పులు కూడా ఉండవు. చెప్పకపోతే? చెప్పకపోతే నేను తండ్రినేనా, తాగే మనిషి దగ్గరికి పిల్లని పంపి కింద కూర్చుని అడుగుల చప్పుడు లెక్కపెడుతున్నాను. మా బావమరిది గుర్తొచ్చాడు, ఇప్పుడు మా ఆవిడ ఎవరింటికి పోతానందో ఆ తమ్ముడే. నా రోజుల్లో అక్క డ్యూటీకి వెళ్ళాక వచ్చేవాడు, అటక మీదినుంచి నా ఖాళీలన్నీ దింపి స్కూటరు డిక్కీలో వేసుకుని పోయేవాడు. "అక్క చూస్తే బాధపడుతుంది బావా" అనేవాడు, కళ్ళలో నీళ్ళు తిరిగేవి వాడికి. ఎంత మంచివాడు. వాడి మంచితనం చలవ వల్ల నేను ఇంకో రెండేళ్ళు నిశ్చింతగా తాగాను. అటక నిండిపోయి ఉంటే అది ఎప్పుడో నా నెత్తిన కూలేది, నేను అప్పుడే మానేసేవాణ్ణేమో, లేకపోతే చచ్చేవాణ్ణేమో, ఏదో ఒకటి జరిగేది. ఇప్పుడు టీచరుగారికి నేను బావమరిదినయ్యాను. మంచి చేస్తున్నానా, ఆవిడని నెమ్మదిగా చంపుతున్నానా? తియ్యకపోతే ఆవిడ ఆ సంచితో మెట్లు దిగబోయి పడేది, అప్పుడు నేను మంచివాణ్ణయ్యేవాణ్ణా?

తాగాలని ఉంది. ఈ మాట హాల్లో అయితే ఎవరో ఒకరికి చెప్పాలి, ఇక్కడెవరూ లేరు కాబట్టి బల్లతో చెప్పాను, పైకే చెప్పాను. నోట్లో నీళ్ళూరుతున్నాయి. రెండు చెంచాలకి ఏమవుతుంది, మత్తెక్కడం మాట దేవుడెరుగు, నాలుక కూడా సరిగ్గా తడవదు. అయినా నేను తాగనులే, వాసన చూస్తాను. ఎందుకంటే, వాసన చూస్తే సంగతి తేలిపోతుంది కదా, ఇన్నాళ్ళూ సంచి ఎత్తింది మంచితనంతోనా ఇంకోదాంతోనా, మా ఆవిడకి చెప్పాల్సిన నిజమేమిటో ముందు నాకు తెలియాలి కదా. ఎంత చక్కటి కారణం. తాగేవాడికి కారణాలు దొరక్కపోవడమంటూ ఎప్పుడైనా ఉందా? ఇది తెలుస్తూనే ఉంది, తెలుస్తూ ఉండగానే చెయ్యి తువ్వాలు తీసింది, మూత తిప్పింది. ముక్కు దగ్గరికి తెచ్చుకోనక్కర్లేకపోయింది. ముందు షాపు గుర్తొచ్చింది, అద్దాలు తుడిచే స్పిరిట్ డబ్బా, మానేసిన కొత్తల్లో ఆ డబ్బాకి భయపడి సబ్బునీళ్ళతో తుడుస్తుంటే మా ఓనరు నవ్వడం. తర్వాత అమ్మాయి పుట్టిన మధ్యాహ్నం, ఆసుపత్రి వెనక గోడ, ఎండ, పిల్లని ఎత్తుకోవడానికి నర్సు నా చేతికివ్వబోయి నా ముఖం చూసి వెనక్కి తీసుకోవడం. అవన్నీ వచ్చి పోయాయి. కానీ అవి కాదు. ఇన్నాళ్ళ తర్వాత చూస్తున్నాను కదా, ఈ వాసన నాకు కొత్తగా తగలాలి, తల తిరగాలి, కళ్ళు మండాలి. కొత్తగా లేదు. నిన్న చూసినట్టుంది. అంతకు ముందు సంచి రోజునా చూసినట్టుంది. డబ్బా దగ్గర సంచి బోర్లిస్తే సరిపోయేది, అన్నీ ఒక్కసారే పడిపోయేవి. నేను బోర్లించేవాణ్ణి కాదు. ఒక్కొక్కటే బయటికి తీసేవాణ్ణి, గుడ్డ విప్పేవాణ్ణి, మూతలు వేరుగా వెయ్యాలని మూతలు తీసేవాణ్ణి. మూతలు వేరుగా వెయ్యమని ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. మూత గట్టిగా బిగించి, సీసా ఉన్నచోటే పెట్టి, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాను.

చేతులు కడుక్కున్నాను. వాసన పోలేదనిపించి మళ్ళీ కడుక్కున్నాను. తుడుచుకుంటుంటే తెలిసొచ్చింది, ఇప్పుడు చేతులు సబ్బు వాసన గుప్పున కొడుతున్నాయి, ఇంటికొచ్చేముందు ఆ రోజుల్లో చేసేది కూడా ఇదే, ఆవిడ కనిపెట్టేదీ ఇలాగే. ఏం చేసినా పాత నేనే బయటికొస్తున్నాను, ఇంక చాలు అని కూర్చున్నాను. ఏం చెప్పాలో ఒక్క ముక్క కూడా తేల్చుకోలేదు. తాళం చెవి తిరిగింది. మా ఆవిడ లోపలికొచ్చి, చేతిసంచి భుజాన ఉండగానే బల్ల దగ్గరికి వచ్చింది. తువ్వాలు పక్కన పడి ఉండటం చూసింది. సీసా ఎత్తి వెలుతురుకి పెట్టి చూసి, దించింది.

"మూత తీశారు."

"తీశాను."

నా ముఖం దగ్గరికి ముఖం తెచ్చింది, అడక్కుండానే ఊపిరి వదిలాను. తర్వాత నా చెయ్యి పట్టుకుని వాసన చూసి, "సబ్బు" అంది, వదిలేసింది.

"నేను తాగలేదు. ఆ సీసా ఎవరిదో మాత్రం నన్నడగొద్దు. చెప్పలేను" అన్నాను. ఇన్ని గంటల ఆలోచనకి నోట్లోంచి వచ్చింది ఇంతే.

"ఎవరిదని నేనడిగానా?" అంది. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "టీచరుగారి సంచి మోత నాకు తెలియదనుకున్నారా? అది తాగినవాళ్ళకే వినబడుతుందా, తాగినవాళ్ళ పెళ్ళాలకి వినబడదా?"

కప్పువైపు చూశాను. "తెలిసీ అమ్మాయిని పంపిస్తున్నావా?"

"ట్యూషన్ అయ్యాక రోజూ నేనెందుకు పైకి వెళ్తున్నాననుకున్నారు, పిల్లకి దారి తెలియకా? వెళ్తాను, ఆవిడతో ఓ మాట మాట్లాడతాను, దగ్గరగా నిలబడి మాట్లాడతాను. ఇంతవరకూ పాఠం అయ్యేలోపు ఆవిడ ముట్టుకోలేదు. ముట్టుకున్న రోజు నాకు తెలుస్తుంది." అప్పుడు భుజాన ఉన్న చేతిసంచి తీసి బల్ల మీద పెట్టింది. "మీరు ఆ సంచి తెస్తున్నారనీ తెలుసు. తెచ్చి ఏం చేస్తున్నారో తెలియదు. నేనడిగేది అది."

పారేస్తున్నాను అనబోయాను. అది నిజమే, ఇదొక్కటి తప్ప ప్రతి సీసా డబ్బాలోనే పడింది, నాలుక మీద ఒక్క చుక్క పడలేదు, ప్రమాణం చెయ్యమంటే చేస్తాను. ఆ మాట చాలు, ఆవిడ నమ్ముతుంది, నమ్మడానికే అలిసిపోయి వచ్చి కూర్చుంది, ముఖంలో కనబడుతోంది. ఆ ముఖం చూస్తుంటే అంతటితో ఆపలేకపోయాను. "పారేస్తున్నాను" అన్నాను. "పారేసేముందు మూతలు తీస్తున్నాను. ఎందుకు తీస్తున్నానో ఇందాకటిదాకా నాకు తెలియదు. వాసన కోసం అనుకుంటా. ఆవిడ మీద జాలి కూడా ఉంది, అది అబద్ధం కాదు, కానీ రెండూ ఉన్నాయి, ఏది ఎంతో చెప్పలేను. నిన్న దీన్ని మర్చిపోయానని చెబుదామనుకున్నాను. మర్చిపోలేదేమో."

పైన పుస్తకాలు సర్దుతున్న చప్పుడు. నాకు తెలిసి ఈ ఇంట్లో నేను ఇంత కంగాళీగా ఎప్పుడూ మాట్లాడలేదు, అబద్ధాలు చెప్పిన రోజుల్లో మాత్రం ఒక్క తడబాటు లేకుండా చెప్పేవాణ్ణి. ఇప్పుడు లేచి పెట్టె సర్దుకుంటుందని అనుకున్నాను, సర్దుకుంటే ఆపే హక్కు నాకు లేదని కూడా అనుకున్నాను. లేచింది. సీసా తీసుకుని సింకులో బోర్లించి కుళాయి విప్పింది, నీళ్ళు చాలాసేపు వదిలింది, వాసన తగలకుండా నన్ను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడమంది. వెళ్ళి నిలబడ్డాను. కుళాయి కట్టేశాక, అమ్మాయిని తీసుకొస్తానని గుమ్మం దాకా వెళ్ళి, గొళ్ళెం మీద చెయ్యి వేసి ఆగింది.

"రేపట్నుంచి ఆ సంచి నేను తెస్తాను" అంది. "టీచరుగారితో మాట్లాడేది ఏదో నేను మాట్లాడతాను. మీరు దాని జోలికి పోవద్దు."

సంతోషించాలి కదా. పెళ్ళాం వెళ్ళిపోవడం లేదు, పిల్ల చదువు ఆగలేదు, టీచరుగారి పరువు పోలేదు, నా నెత్తిన బరువు దిగింది. కానీ నాకు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, కడుపులోంచి వచ్చింది. అది నా సంచి, నేను కనిపెట్టాను, ఎవరికీ వినబడనప్పుడు నాకు వినబడింది, ఎండనకా వాననకా మోశాను, నా మంచి పనిని లాక్కోవడానికి ఈవిడెవరు, అని గొంతుదాకా వచ్చేసింది. అప్పుడు తెలిసింది. ఈ కోపం నాకు కొత్త కాదు, చేతిలోంచి గ్లాసు లాక్కున్నప్పుడల్లా వచ్చేది ఇదే, ఇంత వేడిగా, ఇంత న్యాయంగా. ఆవిడ గుమ్మంలో అలాగే నిలబడి నావైపు చూస్తోంది, కోపం నా ముఖంలో కనబడుతూనే ఉండి ఉంటుంది, దాన్ని దాచే తెలివి కూడా ఆ క్షణంలో నాకు లేదు.

"సరే" అన్నాను. వినబడిందో లేదో అని ఇంకోసారి అన్నాను.